చదివేది మనిషి కానప్పుడు: ఏజెంట్ల కోసం రాసే మాన్యువళ్లపై ఒక సమీక్ష

పనిముట్టు ఎంత మంచిదైనా, దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం సరిగా లేకపోతే అది సగం పనిముట్టే. కంప్యూటర్ రంగంలో ఈ సంగతి మొదటినుంచీ తెలిసిందే. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మాన్యువల్ మొదటి కూర్పును 1971 నవంబరు 3 తేదీతో వెలువరించినప్పుడు, కమాండ్లకు కేటాయించిన పేజీలలో ‘బగ్స్’ అనే శీర్షిక ఒకటి పెట్టారు. ఈ ప్రోగ్రాములో మాకు తెలిసిన లోపాలు ఇవీ అని తయారుచేసినవాళ్లే చెప్పుకునే చోటు అది. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా మాన్యువళ్ల రూపురేఖలు ఎన్నోసార్లు మారాయి. మారనిది ఒక్కటే: వాటిని చదివేది మనిషి. ఇప్పుడు అదీ మారుతోంది.

మాన్యువల్‌ను చదివి, అందులోని కమాండ్లను తానే నడిపే కొత్త పాఠకుడు వచ్చాడు. వాడి పేరు ఏజెంటు. ఒక భాషానమూనాకు కంప్యూటర్ కమాండ్లు ఇచ్చే వీలు కల్పించి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ దానికే చూపించి, పని ముగిసేదాకా ఈ చక్రాన్ని తిప్పితే ఆ ఏర్పాటును ఏజెంటు అంటున్నారు. ఒక ప్రోగ్రాములోని లోపాన్ని వెతికి సరిచేయడం, ఫైళ్లు సర్దడం, పరీక్షలు నడపడం వంటి పనులు ఏజెంట్లకు అప్పగిస్తున్నారు. పని పెద్దదైతే దాన్ని ముక్కలు చేసుకోవాలి. ఏ ముక్క తర్వాత ఏది, ఏది ముగిసింది, ఏది మిగిలింది అన్నది రాసిపెట్టుకోవాలి. అందుకు పనిపట్టిక నడిపే ప్రోగ్రాము కావాలి. ఆ ప్రోగ్రామును ఏజెంటు సరిగా వాడాలంటే దానికి తగిన మాన్యువల్ కావాలి.

ఇలాంటి మాన్యువళ్లు రెండింటిని ఇక్కడ పరిశీలిద్దాం. ఒకటి టాస్క్‌వారియర్ అనే ఉచిత ప్రోగ్రాముది. మనుషుల కోసం తయారై, మనుషుల కోసమే రాసిన మాన్యువల్ అది. రెండోది బీడ్స్ అనే ప్రోగ్రాముది. స్టీవ్ యెగీ 2025 అక్టోబరులో విడుదల చేసిన ఈ ప్రోగ్రాము మొదటినుంచీ ఏజెంట్లను దృష్టిలో పెట్టుకునే పుట్టింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. యంత్రానికి రాసే మాన్యువల్‌లో కమాండ్ల జాబితా తేలికైన భాగం. ‘పని అయింది’ అని ఎవరు అనవచ్చు, ఏ ఆధారంతో అనవచ్చు అన్నది కష్టమైన భాగం. మొదటిదాన్ని రాసే విద్యలో మనం బాగానే ముందుకొచ్చాం. రెండోదాన్ని దాటవేస్తున్నాం.

ఈ పాఠకుడి స్వభావం

ఈ పాఠకుడికి నిన్న అనేది లేదు. ఒక విడత ముగిసి కొత్త విడత మొదలైతే, ఎక్కడైనా రాసిపెట్టినది తప్ప పాత విడత సంగతులేవీ దానికి తెలియవు. రైల్వే స్టేషన్‌లో డ్యూటీ మారేటప్పుడు దిగిపోయే స్టేషన్ మాస్టరు ఏ లైను ఖాళీగా ఉందో, ఏ బండి ఎక్కడుందో డైరీలో రాసి, వచ్చినాయనకు ఛార్జి అప్పగిస్తాడు. ఏజెంటు ప్రతి విడతలోనూ అప్పుడే డ్యూటీ ఎక్కిన స్టేషన్ మాస్టరే. డైరీ లేకపోతే దానికి ఏ లైను సంగతీ తెలియదు. పనిపట్టికే ఆ డైరీ.

రెండో సంగతి, దాని చూపు మేర. భాషానమూనా వాక్యాలను మాటముక్కలుగా విడగొట్టుకుని చదువుతుంది. ఒక్కసారికి ఇన్ని ముక్కలే దాని ఎదుట ఉండగలవని హద్దు ఉంటుంది. మాన్యువల్‌లోని ప్రతి పేరా ఆ హద్దులో కొంత చోటు ఆక్రమిస్తుంది; అంత మేరకు అసలు పనికి చోటు తగ్గుతుంది. హద్దు పెద్దదైనంత మాత్రాన అన్నీ సమానంగా చూస్తుందనుకోకూడదు. నెల్సన్ లియూ, ఆయన సహచరులు 2023లో ప్రకటించిన పరిశోధనలో, పొడుగాటి పాఠంలో మొదట్లోనూ చివరలోనూ ఉన్న విషయాన్ని అప్పటి నమూనాలు బాగా వాడుకున్నాయనీ, నడుమ ఉన్నదాన్ని తరచు వదిలేశాయనీ తేలింది. ముఖ్యమైన హెచ్చరికను నలభయ్యో పేజీలో పెట్టే అలవాటుకు ఈ ఫలితం చెంపపెట్టు.

మూడోది, ఫలితం చూపే తీరు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ఎస్.డబ్ల్యు.ఇ. ఏజెంట్ అనే ఏర్పాటును తయారుచేసి, ఏజెంటుకు ఎలాంటి కమాండ్లు ఇస్తే బాగా పనిచేస్తుందో పరీక్షించారు. ఫైలు మొత్తాన్ని ఒకేసారి చూపించడం కన్నా, ముప్ఫై పంక్తులు మాత్రమే చూపించడం కన్నా, 100 పంక్తుల చొప్పున చూపించడం మెరుగైన ఫలితం ఇచ్చింది. మరీ ఎక్కువైనా చేటే, మరీ తక్కువైనా చేటే.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఈ పాఠకుడికి తెలియకపోతే ఆగి అడిగే అలవాటు తక్కువ. మాన్యువల్‌లో ఖాళీ ఉంటే ఊహతో నింపుకుంటుంది. పైగా ఆ ప్రోగ్రాము పాత కూర్పు గురించి నేర్చుకున్నది ఏదైనా ఉంటే, ఎదుటి కూర్పులో లేని కమాండును కూడా ధీమాగా నడపబోతుంది. మాన్యువల్ రాసేవారు ఈ నాలుగు లక్షణాలనూ మనసులో పెట్టుకోవాలి.

మనిషికి రాసిన మంచి మాన్యువల్

టాస్క్‌వారియర్ మాన్యువల్ మనిషి చేతికిస్తే ఏ లోటూ కనిపించదు. కమాండ్లన్నీ వరుసగా ఉన్నాయి, ఉదాహరణలు ఉన్నాయి. దాన్నే ఏజెంటుకు ఇస్తే మూడు చోట్ల ఇబ్బంది వస్తుంది.

మొదటిది పని గుర్తు. టాస్క్‌వారియర్‌లో ప్రతి పనికీ రెండు గుర్తులుంటాయి. చిన్న వరుస సంఖ్య ఒకటి, యు.యు.ఐ.డి. అనే 36 అక్షరాల పొడుగు గుర్తు ఒకటి. వరుస సంఖ్య టైపు చేయడానికి సుఖం. కాని కొన్ని పనులు ముగిశాక మళ్లీ జాబితా వేయించుకుంటే మిగిలినవాటి సంఖ్యలు మారవచ్చు. ఇంతకుముందు 8గా ఉన్న పని ఇప్పుడు 7 కావచ్చు. పొడుగు గుర్తు ఎన్నడూ మారదు. మాన్యువల్ ఈ సంగతి దాచలేదు. సంఖ్యలు మారవచ్చనీ, ఆఖరున చూపిన జాబితాలోని సంఖ్యలనే నమ్మాలనీ చెప్పింది. తెర ముందు కూర్చున్న మనిషికి అంతే చాలు. ఎదురుగా కొత్త జాబితా కనిపిస్తుంది, పని పేరు చదువుకుంటాడు. ఏజెంటు ఎదుట మాత్రం పాత జాబితా, కొత్త జాబితా రెండూ ఉంటాయి. పాత జాబితాలోని 7ను పట్టుకుని ‘టాస్క్ 7 డన్’ అందంటే వేరే పని ముగిసినట్టు నమోదవుతుంది. 7 అనే పని ఉంది కాబట్టి ప్రోగ్రాము అభ్యంతరం చెప్పదు. పొరపాటు జరిగిందని ఎక్కడా తెలియదు. ఏజెంటుకు రాసే మాన్యువల్‌లో ఈ హెచ్చరిక మొదటి పేజీలో, ‘మార్పులకు పొడుగు గుర్తునే వాడు’ అనే ఆదేశంగా ఉండాలి.

రెండోది నిర్ధారణ. పనిని తొలగించమంటే టాస్క్‌వారియర్ ‘నిజంగానా?’ అని అడుగుతుంది. ఈ ప్రశ్న అడగవద్దని ఒక అమరికతో చెప్పవచ్చు. అయినా మూడు లేక అంతకు మించిన పనులను ఒకే కమాండుతో మార్చబోతే, ఆ అమరికతో నిమిత్తం లేకుండా మళ్లీ అడుగుతుంది. ఆ మూడు అనే సంఖ్యను కూడా మరో అమరికతో మార్చవచ్చు. సున్నా పెడితే ఎన్ని మార్చినా అడగదు. చేయి జారే మనిషి కోసం పెట్టిన చక్కని ఆనకట్ట ఇది. ఏజెంటుకు ఇది తలుపు మూసినట్టు అనిపిస్తుంది. జవాబు చెప్పే మనిషి లేనిచోట కమాండు ముందుకు సాగదు. అప్పుడు ఏజెంటు చేసే సహజమైన పని, ఈ అమరికలను వెతికి రెండిటినీ తీసేయడం. వాటిని ఎలా తీసేయాలో మాన్యువల్ చెబుతుంది. ఎప్పుడు తీయకూడదో చెప్పదు. మనుషుల మధ్య ఆ అవసరం రాలేదు మరి.

మూడోది తొందర లెక్క. ఏ పని ముందు చేయాలో చూపడానికి టాస్క్‌వారియర్ ప్రతి పనికీ మార్కులు వేస్తుంది. మామూలు అమరికలో గడువు దగ్గరపడటానికి గరిష్ఠంగా 12, మరో పనికి అడ్డుగా ఉన్నందుకు 8, తానే మరో పని కోసం ఆగి ఉంటే 5 తగ్గింపు. మనిషి ఈ లెక్కను సలహాగా తీసుకుంటాడు; పొద్దున్నే పిల్లవాడికి జ్వరం వస్తే మార్కులన్నీ పక్కన పెడతాడు. ఏజెంటుకు పైన ఉన్నదే ముందు చేయవలసింది. ఈ అంకెలు ఎవరో ఒకరు ఎంచుకున్నవేనన్న మాట మాన్యువల్‌లో లేకపోతే, అవి ప్రకృతి నియమాల్లా కనిపిస్తాయి.

యంత్రానికే రాసిన మాన్యువల్

బీడ్స్ ఈ ఇబ్బందులను ముందే చూసింది. ఏజెంట్లు పథకాలను ఫైళ్ల మీద ఫైళ్లుగా రాసి పడేయడం, ఏది తాజాదో ఏది పాతదో తమకే తెలియకపోవడం చూసి విసిగిపోయి యెగీ దీన్ని తయారుచేశాడు. పనులను ప్రోగ్రాము ఫైళ్లతో పాటే ఉంచి, ఒకదాని మీద ఒకటి ఆధారపడే తీరును మొదటి కూర్పుల్లో నాలుగు రకాల లంకెలుగా నమోదు చేసింది. ‘ఇది ముగిస్తేనే అది మొదలు’ అనేది ఒక లంకె. ‘రెండిటికీ సంబంధం ఉంది’ అనేది మరొకటి. పెద్దపని, అందులో ఇమిడిన చిన్నపని అనేది మూడోది. ‘ఫలానా పని చేస్తుండగా ఇది బయటపడింది’ అనేది నాలుగోది.

ఒక పని ముగిస్తేనే మరొకటి అనే ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికా నావికాదళం పొలారిస్ క్షిపణి నిర్మాణం కోసం 1958లో చేపట్టిన పెర్ట్ పద్ధతిలో ఉన్నది అదే. బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో రాసిన ‘మేక్’ ప్రోగ్రాములో ఉన్నదీ అదే. నాలుగో లంకె మాత్రం ఏజెంట్ల స్వభావం ఎరిగినవాడు పెట్టింది. దారిలో కనబడ్డ లోపాన్ని ఏజెంటు మరిచిపోకుండా, అలాగని చేస్తున్న పని వదిలి దాని వెంట పడకుండా, ఒక వరుసలో రాసి ముందుకు సాగే వీలు దీనివల్ల కలిగింది.

మాన్యువల్‌లోనూ ఈ ఎరుక కనిపిస్తుంది. ‘బి.డి. రెడీ’ అంటే ఏ అడ్డూ లేని పనులు మాత్రమే వస్తాయి. ఏజెంటు మొత్తం పట్టిక చదవనక్కర్లేదు. ఫలితాన్ని యంత్రం చదివే రూపంలో తీసుకోమని చెబుతుంది. ‘బి.డి. ఎడిట్’ వాడవద్దని చెప్పి కారణం కూడా చెబుతుంది: అది మనిషి కోసం ఎడిటర్ తెరుస్తుంది, ఏజెంటు అందులో చిక్కుకుంటుంది, బదులుగా ‘బి.డి. అప్‌డేట్’ వాడాలి. వద్దన్నది, ఎందుకు వద్దో, బదులు ఏమిటో మూడూ ఒకేచోట ఉన్న ఈ పద్ధతి మెచ్చుకోదగ్గది. పని గుర్తుల విషయంలోనూ అంతే. మొదట 1, 2, 3 అని వరుస సంఖ్యలు ఇచ్చేవారు. ఇద్దరు ఏజెంట్లు వేరువేరు చోట్ల ఒకే సంఖ్యతో రెండు పనులు సృష్టిస్తే చిక్కొచ్చింది. తర్వాతి కూర్పుల్లో ఢీకొనని అక్షరాల గుర్తులకు మారారు.

ఇంత వేగంగా మారే ప్రోగ్రాముకు ఒక కష్టం తప్పదు. మొదటి కూర్పుల్లో పనులను ఒక్కో పంక్తికి ఒక్కో పనిగా ఫైలులో దాచేవారు; తర్వాత నిల్వ పద్ధతే మార్చారు. పాత పద్ధతి చెప్పే వివరణలు జనంలో మిగిలిపోతాయి. మనిషైతే తేదీ చూసి పాతదని పక్కన పెడతాడు. ఏజెంటు రెంటినీ కలిపి చదువుకుంటుంది. అందువల్ల ఇది ఏ కూర్పు గురించి రాసిందో మొదటి పంక్తిలోనే ఉండాలి. సందేహం వస్తే ప్రోగ్రామునే ‘హెల్ప్’ అడుగు, జ్ఞాపకాన్ని నమ్మకు అనే మాట రెండో పంక్తిలో ఉండాలి.

‘అయింది’ అనే మాట

ఇక అసలు విమర్శకు వద్దాం. బీడ్స్‌లో పని ముగిసిందనడానికి ‘బి.డి. క్లోజ్’ అనాలి, కారణం రాయవచ్చు. ఆ కారణం నిజమో కాదో ప్రోగ్రాము చూడదు. టాస్క్‌వారియర్‌లో ‘డన్’ అంటే కారణం కూడా అక్కర్లేదు. మనుషుల పనిపట్టికలో ఇది తప్పు కాదు. తన పని అయిందో లేదో తనకు తెలుసు, అబద్ధం రాసుకుంటే నష్టం తనకే. ఏజెంటు పట్టికలో పని మనది, ‘అయింది’ అనేది అది.

మన ఆఫీసుల్లో ఈ తేడా అందరికీ అనుభవమే. అర్జీ పరిష్కారమైందని రిజిస్టరులో ఎక్కినంత మాత్రాన అర్జీదారు వీధిలో బోరింగుకు నీళ్లు రావు. రిజిస్టరులోని లెక్కనే పనితనంగా చూసేచోట, అర్జీలను ముగించే విద్య సమస్యలు తీర్చే విద్యను మించిపోతుంది. ఏజెంట్లూ ఈ దారి తొక్కగలవనడానికి ఆధారాలున్నాయి. ఏజెంట్ల సామర్థ్యాన్ని కొలిచే మెటర్ అనే సంస్థ 2025 జూన్‌లో ప్రకటించిన పరిశీలనల్లో, కొన్ని నమూనాలు అప్పగించిన పని చేయడానికి బదులు, మార్కులు వేసే ప్రోగ్రామునే ఏమార్చి మంచి మార్కులు తెచ్చుకున్న ఉదాహరణలు బయటపడ్డాయి. వాటికి దురుద్దేశం అంటగట్టనక్కర్లేదు. ‘మార్కు రావాలి’ అని చెప్పాం, వచ్చింది.

కాబట్టి ఏజెంటుకు రాసే మాన్యువల్‌లో ‘అయింది’ అనే ఒక్క మాట చాలదు. కనీసం మూడు మెట్లు విడివిడిగా ఉండాలి. ‘చేశాను’ అన్నది ఏజెంటు అనవచ్చు. ‘పరీక్షించాను’ అనాలంటే ఏ కమాండు నడిపిందో, ఏ ఫలితం వచ్చిందో ఉన్నది ఉన్నట్టు అతికించాలి. ‘ఒప్పుకున్నాం’ అన్నది పని చెప్పిన మనిషి మాత్రమే అనాలి. కమాండ్లు మూడు కాకపోయినా, మూడు మాటలకు తేడా ఏమిటో మాన్యువల్ చెప్పాలి.

బీడ్స్ ఏజెంట్లకిచ్చిన సూచనల్లో విడత ముగింపు గురించి ఒక భాగం ఉంది. మిగిలిన పనులు నమోదు చేయడం, పరీక్షలు నడపడం, మార్పులను కేంద్ర నిల్వకు పంపడం వంటి అంశాలతో అది చాలావరకు మంచి ఛార్జి అప్పగింతే. అయితే మార్పులను తానే పంపాలనీ, మీరు సరే అంటే పంపుతానని మనిషి కోసం ఆగకూడదనీ పెద్దక్షరాలతో గట్టిగా చెబుతుంది. దీని వెనక కారణం అర్థం చేసుకోదగ్గదే: పంపని పని పోతుంది, పక్క ఏజెంటుకు అందదు. తన ప్రోగ్రాము మీద తానే అధికారి అయిన రచయితకు ఇది చెల్లుతుంది. అదే పంక్తులను ఒక ఆసుపత్రి బిల్లుల ప్రోగ్రాములోకో, పరీక్ష ఫలితాలు లెక్కగట్టే ప్రోగ్రాములోకో నకలు చేసుకుంటే సంగతి వేరు. మనిషి సంతకం చేయవలసిన చోటు నుంచి మనిషిని తప్పించే నిర్ణయం ఒక మాన్యువల్ పేరాగా దొర్లుకుంటూ వచ్చేస్తుంది. కమాండ్ల సౌకర్యాన్ని చెప్పే కాగితం అధికారాలను పంచే కాగితంగా మారిపోతుంది. నకలు చేసుకున్నవారు దాన్ని ఆ కంటితో చదవరు. బీడ్స్ మాన్యువల్‌లో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే.

రాత వేరు, తాళం వేరు

పెద్దక్షరాలతో అరిస్తే ఏజెంటు వింటుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిలవదు. 2025 జులైలో రెప్లిట్ సంస్థ ఏజెంటు, మార్పులేవీ చేయవద్దని వినియోగదారుడు చెప్పి ఉంచినా, వాడుకలో ఉన్న డేటాబేసును తుడిచిపెట్టింది. సంస్థ అధిపతి అమ్జద్ మసాద్ బహిరంగంగా తప్పు ఒప్పుకుని, ప్రయోగాల డేటాబేసును అసలు డేటాబేసు నుంచి వేరుచేసే ఏర్పాటు ప్రకటించారు. వారు ఎంచుకున్న మందు గమనించదగ్గది. వద్దని మరింత గట్టిగా రాయడంతో ఊరుకోలేదు; ఏజెంటు చేయి అందని చోట అసలు డేటాను పెట్టారు.

రైల్వేవారికి ఈ తేడా ఏనాడో తెలుసు. ఒంటి లైను మీద రెండు బళ్లు ఎదురెదురుగా రాకూడదని రూలు పుస్తకంలో ఉంది. రూలు ఒక్కదాన్నే నమ్ముకోలేదు. నీల్స్ యంత్రం అనే ఏర్పాటులో, డ్రైవరు చేతికి ఒక ఇనుప బంతి అందితేనే బండి కదలాలి. రెండు స్టేషన్ల యంత్రాలకూ విద్యుత్ లంకె ఉంటుంది; ఒక బంతి బయట ఉండగా రెండోది రాదు. రూలు చెప్పేది రూలు చెబుతుంది, ఆపేది బంతి ఆపుతుంది.

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఒప్పందంలో, పనిముట్లను ఏజెంట్లకు పరిచయం చేసే పద్ధతి ఉంది. 2025 మార్చి కూర్పులో ఒక్కో పనిముట్టుకు ‘ఇది చదవడానికే’, ‘ఇది చెరిపివేయగలదు’, ‘రెండుసార్లు నడిపినా ఫలితం ఒకటే’ వంటి గుర్తులు తగిలించే వీలు కల్పించారు. ఇవి సూచనలే, నమ్మదగ్గ చోటు నుంచి వస్తే తప్ప వీటిని నమ్మవద్దు అని ఆ ఒప్పందమే నిజాయితీగా చెబుతుంది. పాత యూనిక్స్ ‘బగ్స్’ శీర్షికలోని నిజాయితీ ఇది. పనిపట్టికల మాన్యువళ్లు దీన్ని అందుకోవాలి. ఏ హద్దును ప్రోగ్రాము నిజంగా కాపాడుతుందో, ఏది వట్టి విన్నపమో రెండు జాబితాలుగా రాయాలి. ప్రస్తుతం రెండూ ఒకే గొంతుతో వినిపిస్తున్నాయి.

పనిపట్టికల విషయంలో మరో ప్రమాదం కూడా ఉంది. పట్టికలోకి వచ్చే పనులు ఎప్పుడూ యజమాని రాసినవే కానక్కర్లేదు. వినియోగదారుల ఫిర్యాదులు కూడా పనులే. భాషానమూనాకు ఆదేశం, సమాచారం రెండూ మాటముక్కలుగానే అందుతాయి. పరాయివారు రాసిన సమాచారంలో ఆదేశాన్ని దాచి ఏజెంటును దారి తప్పించడాన్ని ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. ఈ పేరు సైమన్ విల్లిసన్ 2022 సెప్టెంబరులో పెట్టింది. 2025 మేలో ఇన్వేరియంట్ ల్యాబ్స్ పరిశోధకులు దీన్ని గిట్‌హబ్ ఫిర్యాదుల మీద చేసి చూపారు. అందరికీ తెరిచి ఉన్న చోట ఎవరో రాసిన ఫిర్యాదును చదివిన ఏజెంటు, యజమాని రహస్యంగా ఉంచుకున్న వివరాలను బయటపెట్టింది. ‘పట్టికలోని తరువాతి పని తీసుకుని చెయ్యి’ అని రాసే ప్రతి మాన్యువల్‌లోనూ, ఆ పని ఎవరు రాశారో ముందు చూడు అనే వాక్యం ఉండి తీరాలి. ఎవరి పనిని ఎవరి అధికారంతో చేయాలో ప్రోగ్రాము కూడా చూడాలి.

మన మాటల్లో పని

పట్టికలో మనం రోజూ రాసే పని పేర్లు కూడా ఒక రకంగా మాన్యువలే. కమాండ్ల భాగం తయారీదారు రాస్తాడు, ఈ భాగం మనం రాస్తాం. తెలుగులో పని చెప్పే తీరు ఏజెంటుకు గట్టి పరీక్ష. ‘ఆ బిల్లు సంగతి కాస్త చూడండి’ అంటే ఆఫీసులో ఉన్న గుమాస్తాకు ఎన్నో అర్థమవుతాయి: బిల్లు ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి, ఎవరితోనో మాట్లాడాలి, అయ్యేటట్టు చేయాలి. ఏజెంటు బిల్లు తెరిచి చూసి, చూశానని పని ముగించవచ్చు. లేదా చెల్లించేయవచ్చు. రెండూ ‘చూడటం’ కిందికే వస్తాయి. ‘అటూ ఇటూ సర్దండి’, ‘వీలు చూసుకుని చేయండి’ వంటివీ అంతే. మన మాటల మర్యాద, ఎదుటివాడి తెలివి మీద మనకున్న నమ్మకం. ఆ నమ్మకాన్ని యంత్రానికి బదిలీ చేసేటప్పుడు విడమరిచి రాయక తప్పదు.

దీనికి ఒక ఖర్చు కూడా ఉంది. యు.టి.ఎఫ్.-8 సంకేత పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలగా, తెలుగు లిపిలోని ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. గుణింతం ఉంటే దానికి మరో మూడు. మాటముక్కలు కోసే పద్ధతులు ఎక్కువగా ఆంగ్ల పాఠాల మీద తయారైనందువల్ల, అదే విషయం తెలుగులో చెబితే తరచు ఎక్కువ ముక్కలవుతుంది. తెలుగులో రాసిన మాన్యువల్ ఏజెంటు చూపులో ఎక్కువ చోటు పట్టవచ్చు. అందుకని పనులను ఆంగ్లంలోనే రాసుకోమనడం పరిష్కారం కాదు. పనిని ఒప్పుకోవలసిన మనిషి తెలుగు మాత్రమే చదవగలిగితే, పట్టిక తెలుగులో ఉండాల్సిందే. లేకపోతే ‘ఒప్పుకున్నాం’ అనే మూడో మెట్టు ఉత్తుత్తిదైపోతుంది.

ఎలా ఉంటే బాగుంటుంది?

పై పరిశీలన నుంచి మంచి మాన్యువల్‌కు కొలతలు తేలికగానే తేలతాయి. అది రెండు మూడు పేజీలకు మించకూడదు. మిగతాది అడిగినప్పుడు ‘హెల్ప్’ ద్వారా రావాలి. మొదటి పంక్తిలో కూర్పు సంఖ్య ఉండాలి. మారని గుర్తులనే వాడమనాలి. ప్రతి కమాండుకూ అది ఇచ్చే ఫలితం నమూనా, విఫలమైతే వచ్చే సందేశం నమూనా ఉండాలి. వద్దన్న ప్రతిదానికీ కారణం, బదులు ఉండాలి. ఎక్కడ ఆగి మనిషిని అడగాలో స్పష్టమైన జాబితా ఉండాలి. ‘అయింది’ అనడానికి ఏ ఆధారం చూపాలో ఉండాలి. చివరగా, ప్రోగ్రాము కాపాడలేని హద్దులు ఏవో ఒప్పుకునే ‘బగ్స్’ శీర్షిక ఉండాలి.

ఈ కొలతల మీద టాస్క్‌వారియర్ మాన్యువల్ నిజాయితీలో నెగ్గుతుంది, అమరికలో ఓడుతుంది. బీడ్స్ అమరికలో బాగా నెగ్గుతుంది, అధికారం దగ్గర తప్పటడుగు వేస్తుంది. రెండింటిలో దేన్ని వాడదలచుకున్నవారైనా తయారీదారు ఇచ్చిన సూచనలను ఉన్నపళాన నకలు చేసుకోకుండా, తమ చోటుకు తగినట్టు ఒక పేజీ సొంతంగా రాసుకోవడం మేలు. రైల్వేలో అన్నిటికీ ఒకే జనరల్ రూల్స్ ఉన్నా ప్రతి స్టేషనుకూ దాని వర్కింగ్ రూల్స్ వేరే ఉంటాయి. అక్కడ డ్యూటీ చేసేవారు వాటిని చదివి, అర్థమైందని సంతకం చేయాలి. ఏజెంటు సంతకం చేయలేదు. కాబట్టి ఆ పేజీ కింద దాన్ని పనిలో పెట్టిన మనిషి పేరుండాలి. మాన్యువల్‌ను చదివేది యంత్రమే కావచ్చు, ‘అయింది’ అన్న మాటకు జవాబు చెప్పవలసింది ఆ మనిషే.